ఏమార్చిన చోటు

మే 26, సోమవారం

దస్తూరీ బాగాలేదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పులు పడతాయి. మన్నించాలి. ఎవర్ని అడుగుతున్నానో నాకే తెలీదు. ఊరి బడిలో ఐదో తరగతి వరకు చదివాను, అదీ చేపల వేటకి వెళ్ళని రోజుల్లో. ఇప్పుడు కుడి కంటికి ఆపరేషనయింది. ఎడమ కంటితో గీత మీద గీత వెతుక్కుంటూ రాస్తున్నాను.

కంట్లో చుక్కలు రోజుకి నాలుగుసార్లు వేసుకోవాలి, వేసిన టైము రాసుకోవాలి అని నర్సమ్మ చెప్పింది. అందుకని మా అమ్మాయి దేవి ఈ డైరీ ఇచ్చింది. బ్యాంకువాళ్ళు పంచింది, పోయినేడాదిది. వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను.

8కి వేశాను. 12కి వేశాను. 4కి వేశాను.

ఇంకా బోలెడు కాగితం మిగిలింది.

కోటి కొత్త వల తెచ్చాడు. కోటి నా అల్లుడు. మా ఆవిడ గురువమ్మకి అన్నకొడుకు. అడుగు వల అది, సముద్రం అడుగుదాకా దిగేది. వరండా నిండిపోయింది. సీసం గుళ్ళు కడుతూ కూర్చున్నాడు. దేవి మెళ్ళో గొలుసు లేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. పదిహేను తెల్లారి బోట్లన్నీ దిగుతాయి.

"మావా, మొదటి వల ఎక్కడేత్తానో సెప్పుకో" అన్నాడు.

ఫోన్లో చుక్క చూపించాడు. నాకు ఫోన్లో చుక్కలు తెలీవు. నోటితో చెప్పమన్నాను. చెప్పాడు. సముద్రంలోంచి ఒడ్డు వైపు చూస్తే స్టీలు ప్లాంటు పొగగొట్టం యారాడ కొండ తోక పక్కనించి బయటపడాలి. లైట్‌హౌసు నెత్తిన సింహాచలం కొండ కూర్చోవాలి. ఆ రెండూ కలిసిన చోట.

అక్కడ ఇనుముంది. సరుకులు మోసే ఇనప పంటు ఒకటి ఎప్పుడో మునిగి అడుగున పడుంది. వల దిగితే పైకి రాదు. ఇంజన్ పెట్టి లాగితే బోటు ఒరిగిపోతుంది. బోటులో నలుగురు.

"ఆడ వద్దురా. ఇనుముంది" అన్నాను.

కోటి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"దొరికిపోయావు మావా" అన్నాడు.

మే 27

8, 12, 4, 8. నాలుగూ వేశాను.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వాడు. ఈసారి ఒడ్డున చెప్పాను, అది నా బుద్ధి తక్కువ. ఎల్లాజీ అక్కడే ఉన్నాడు. వాడూ నేనూ ఒక ఈడువాళ్ళం. నోరు మాత్రం వాడిది పెద్దది.

"ఒరే, సూరన్న ఇనుముందన్నాడంటే ఆడ వంజరముందని అర్థం. రాసుకోండ్రా" అని కేకేశాడు. బోటుకి రంగు వేస్తున్నవాళ్ళు, వల బాగుచేస్తున్నవాళ్ళు అందరూ నవ్వారు.

వాళ్ళ తప్పు లేదు. నలభై ఏళ్ళు నేనే నేర్పాను. చేప పడిన చోటు ఎవడూ చెప్పడు. అడిగితే వేరే దిక్కు చెప్తాడు, లేదా ఇనుముందంటాడు, రాయుందంటాడు, నిన్న వేస్తే పీతలు పడ్డాయంటాడు. అందులో పాపం లేదు. గాలి గురించి అబద్ధం చెప్తే పాపం. మనిషి నీళ్ళలో పడితే చెప్పకపోతే పాపం. చోటు గురించి అబద్ధం చెప్తే ఎవడూ పాపం అనడు. నేను రెండు మంచి చోట్లకి ఇనుముందని పేరు పెట్టాను. పాతికేళ్ళు అక్కడ నేనొక్కడినే వేసుకున్నాను. తరవాత కోటికి నేనే చెప్పాను, ఇనుమూ లేదు గినుమూ లేదు, వేసుకోమని.

మూడోది ఇది. ఇక్కడ నిజంగానే ఉంది.

మే 28

నాలుగూ వేశాను. వల పని సగమయింది.

మే 29

దేవి కొడుక్కి గురువమ్మ అన్నం పెడుతోంది. "అదిగో కాకి" అంటుంది, వాడు అటు చూస్తాడు, ముద్ద లోపలికి పోతుంది. "ఏమార్చి పెట్టకపోతే తినడు" అంది నాతో.

నర్సమ్మ కూడా అంతే. "తాతా, మీది ఏ ఊరు?" అని అడిగి నేను చెప్పేలోపు సూది పొడిచేసింది. పూర్ణా మార్కెట్లో పైన ఇవాళ్టి చేప, అడుగున నిన్నటి చేప. అదీ ఏమార్చడమే. మా గురువమ్మకి ఆ పని బాగా తెలుసు.

ఏమార్చడమంటే అబద్ధం చెప్పడం కాదు. అబద్ధం నోటితో చెప్పాలి. నాకు నోరు తక్కువ. ఏమార్చడానికి నోరు అక్కర్లేదు. అవతలివాడి చూపుని పక్కకి తిప్పితే చాలు. తెరచాప దించేసి ఊరికే కూర్చున్నట్టు కూర్చోవడం, ఒడ్డుకి చుట్టూ తిరిగి రావడం, చేప మీద ఖాళీ వల కప్పడం. ఒక్కోసారి గడ్డం అటు తిప్పితే చాలు.

12కి వేసుకోవడం మర్చిపోయాను.

జూన్ 1

దేవితో చెప్పాను, నువ్వు చెప్తే వింటాడని.

"ఏటి నాన్నా, ఇంటల్లుడితో కూడా ఇదేనా?" అంది. "ఆముదం పట్టి పాయసమని తాగించావు నాకు, గుర్తుందా? అమ్మ పురుడికి ఎల్తే రెండ్రోజుల్లో వచ్చేత్తాదని పన్నెండ్రోజులు ఏమార్సావు. ఆడ ఇనుముందని నువ్వొక్కడివే అంతన్నావు. ఇంకెవరైనా అన్నారా?"

ఇంకెవరూ అనరు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నీకెలా తెలుసో అది సెప్పు ముందు" అంది.

నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నాను. కన్ను మండుతోందన్నాను. చుక్కలు తేవడానికి లోపలికి వెళ్ళింది.

జూన్ 2

కోటి దగ్గరికి పోయి కూర్చున్నాను. వాడు గుళ్ళు కడుతూ నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"మావా, నాకు తెప్పెక్కడం నువ్వే నేర్పావు. ఏ కొండ మీద ఏ కొండ కలితే ఎక్కడ పడతాదో అన్నీ సెప్పావు. సొంత కొడుక్కి కూడా ఎవడూ సెప్పడు. అదొక్క సోటే సెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా సూత్తన్నాను, గొట్టం బయటపడగానే బోటు పక్కకి తిప్పేత్తావు. ఓసారి నాను నడుపుతుంటే నా సేతిలోంచి సుక్కాని లాగేసుకున్నావు. మంచి సోటు గాపోతే అంత దాచుకుంటావేటి?"

నేను తప్పుకున్నది దాచుకోవడంలా కనపడింది వీడికి. ఏం చెప్పను?

"ఇనుము" అన్నాను.

"ఆ ఆ" అన్నాడు.

జూన్ 3

ఇనుముందని నాకెలా తెలుసో ఇక్కడ రాయక్కర్లేదు. నాకు తెలుసు కదా.

జూన్ 5

ఉపాయం తట్టింది. పొద్దున్న టీ తాగుతుంటే తట్టింది.

నేను ఏది చెప్తే దానికి ఎదురు నమ్ముతున్నాడు కదా. సరే. వెళ్ళి చెప్పాను. "కోటీ, నువ్వన్నదే నిజం. ఆడ ఇనుమూ లేదు ఏటీ లేదు. బంగారం లాంటి సోటు. ఏసుకో" అన్నాను. ఇంత పెద్ద మాట నేను ఏడాదికి ఒకసారి కూడా ఆడను. ఎందుకింత ఊదరగొడుతున్నాడని అనుమానం రావాలి. వాడే మానేయాలి.

కోటి చేతిలో సూది కింద పెట్టేశాడు. పని అయిందనుకున్నాను.

లేచి వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఇన్నాళ్ళకి నన్ను కొడుకనుకున్నావు మావా" అన్నాడు. కళ్ళంట నీళ్ళు.

నా మాటల్లో ఇదొక్కటీ నమ్మాడు.

జూన్ 6

ఒడ్డంతా తెలిసిపోయింది. ఎల్లాజీ కూడా వచ్చి "అల్లుడికి రాసిచ్చేశావటగా" అని భుజం తట్టాడు. దేవి పులుసులో నాకు తల ముక్క వేసింది. గురువమ్మ వాళ్ళన్నకి ఫోన్ చేసి, "మీ బావ ఆ సోటు కోటికిచ్చేశాడు" అని చెప్పి ఏడ్చింది.

వాళ్ళన్నకి. కోటి తండ్రి అప్పలరాజుకి.

తల ముక్క తినలేకపోయాను. ముల్లు గుచ్చుకుందన్నాను.

జూన్ 7

చుక్కలు రెండుసార్లు వేశాను. మూడేమో.

జూన్ 8, ఆదివారం

ఈశ్వరి చేత అప్పలరాజు నంబరు కలిపించాను. ఈశ్వరి మా పక్కింటి అమ్మాయి. అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో పని. రోజూ పొద్దున్న కంపెనీ బస్సులో వెళ్తుంది. వాళ్ళ కంపెనీ పక్క గేటులోనే అప్పలరాజు వాచ్‌మన్. గేటు పక్క గదిలోనే ఉంటాడు, పండగలకి తప్ప రాడు.

"బావా" అన్నాడు అవతలనించి. ఎంత సంతోషమో గొంతులో. "ఇన్నాను. మా సెల్లి సెప్పింది. నువ్వు నా కొడుక్కి నా కన్నా ఎక్కువ సేసావు. నాను ఆడికి ఏటిచ్చాను, ఈ సేయి సూపించి సముద్రమంటే బయ్యమిచ్చాను. నువ్వు బయ్యం పోగొట్టావు."

"ఎండలెలాగున్నాయి?" అన్నాను.

"సంపేత్తన్నాయి. రేకుల గది గదా."

"ఇక్కడా అంతే."

"కన్ను ఎలాగుంది?"

"బాగుంది."

"ఉంటాను మరి, లారీ వచ్చింది."

పెట్టేశాడు. నాలుగు నిమిషాలు మాట్లాడాను. అందులో ఎండ ఒకటి, కన్ను ఒకటి. ఈ నోరు ఎందుకు పెట్టాడో దేవుడు.

జూన్ 10

రాయక తప్పదు. ఎవరూ చూడరు కదా.

నేనూ అప్పలరాజూ పదకొండేళ్ళు ఒకే తెప్ప మీద వేట చేశాం. వాడు గురువమ్మకి పెద్దన్న, నాకు బావ. తరవాత వాడు సొంత తెప్ప కట్టుకున్నాడు, కొత్త వల కొన్నాడు. ఆ ఏడు గంగమ్మ తల్లి వాడి తెప్పనే చూసింది. రోజూ వాడికే పడేది. బేరగాళ్ళు వాడి తెప్ప చుట్టూ మూగేవాళ్ళు. మా ఇంట్లో మా ఆవిడ కూడా "మా అన్న, మా అన్న" అనేది. అన్నదాంట్లో తప్పేముంది? అన్న కదా.

ఆ ఏడే, కార్తీకానికి ఓ నెల ముందు, నేను ఈ చోటే లంగరు వేస్తే ఇరుక్కుపోయింది. ఎలాగో లాగాను. కొంకికి తుప్పు ముక్కలు, చిలుము. పంటు మునిగిపోయిందని పెద్దవాళ్ళు చెప్పేది ఇక్కడేనని అర్థమయింది. ఎవరికీ చెప్పలేదు. చోటు చెప్పకపోవడం తప్పు కాదు.

కార్తీక మాసం. పొద్దున్నే ఒడ్డున ఇద్దరం పక్కపక్కన తెప్పలు తోస్తున్నాం. "బావా, ఇయ్యేల ఎటు?" అన్నాడు. నేనేమీ అనలేదు. గడ్డం అటు తిప్పానంతే. అది వాడు చూశాడు. నేను వెళ్ళమనలేదు.

వాడు అక్కడ వల వేశాడు. వల అడుగు ఇనుముకి పట్టేసింది. పోటు ఎక్కువగా ఉంది. తెప్ప తిరగబడింది. తాడు వాడి కుడి చేతికి చుట్టుకుంది. నేను దగ్గర్లోనే ఉన్నాను. కేక వినగానే వెళ్ళాను. వాణ్ణి పైకి లాగింది నేనే. వాడు బతికింది నా వల్లే, ఆ మాట వాడే అందరికీ చెప్తాడు. రెండు వేళ్ళు పోయాయి. వల పోయింది. "ఏటి పట్టేసింది బావా?" అని అడిగితే, పెద్ద సొర వీపు చూశాను, వల చింపేసింది అన్నాను. అప్పటికి వాడికి ధైర్యం కావాలి కదా, అందుకు అన్నాను.

మళ్ళీ సముద్రం ఎక్కలేదు. హార్బరులో కూలీకి పోయాడు. తరవాత అచ్యుతాపురం.

కోటికి అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను తెప్ప మీద ఎక్కించుకున్నాను. పని నేర్పాను. పెద్దయ్యాక దేవినిచ్చాను. మేనరికం గనక ఇచ్చాను. మరే కారణమూ లేదు.

జూన్ 11

కోటితో చెప్పాను. మొన్న చెప్పింది తప్పు, నిన్ను మానిపించడానికి అలా అన్నాను, నిజంగానే ఇనుముంది అన్నాను.

వాడి మొహం మాడిపోయింది.

"ఇచ్చి ఎనక్కి తీసుకుంటావేటి మావా?"

"మీ నాన్న తెప్ప తిరగబడింది ఆడే" అన్నాను.

"ఆడ సొర సింపింది. నువ్వే సూసానన్నావు. మా నాన్న నాకు ఎన్నిసార్లు సెప్పాడో. సొర తిరిగే సోటంటే సేప లేకుండా తిరుగుతాదా?" అన్నాడు. "ఇప్పుడు మా నాన్నని కూడా లాగుతున్నావు. ఇష్టం నేకపోతే ఇష్టం నేదని సెప్పు. ఏమార్సకు. నాను ముష్టివాణ్ణి కాను."

లేచి వెళ్ళిపోయాడు. దేవి నన్ను చూసిన చూపు రాయను.

ముందు నిజం చెప్తే నమ్మలేదు. తరవాత నిజం చెప్పినా నమ్మలేదు. మధ్యలో ఒక్క అబద్ధం నమ్మి కూర్చున్నాడు. ఇక నా మాట ఇంట్లో చెల్లదు. అప్పలరాజు చెప్తే వింటాడు. అప్పలరాజు చెప్పాలంటే ముందు వాడికి నేను చెప్పాలి.

జూన్ 12

గురువమ్మకి జరిగిందంతా చెప్పాను.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. చుక్కలు కూడా తనే వేసింది, నా తల వెనక్కి వంచి. మాట్లాడలేదు.

సాయంత్రం అడిగాను, మీ అన్నకి నువ్వు ఫోన్ చేసి చెప్పవా అని.

"నా నోటితో సెప్పాలా? ఏ మొహం పెట్టుకుని సెప్పను మా అన్నకి?" అంది. "ఇరవైయేడేళ్ళు ఆ వేళ్ళు సూసి అన్నం తిన్నావు నువ్వు. పండక్కి వచ్చినప్పుడల్లా ఆయన ముక్కలు తీసుకోలేకపోతే నువ్వే ముళ్ళు తీసిపెట్టేవోడివి. ఎంత మంచోడో మా ఆయన అనుకునేదాన్ని. నన్ను కూడా ఏమార్సేసావు కదయ్యా."

తరవాత, "నువ్వే సేసావు, నువ్వే సెప్పు. ఎల్లుండి లోపల సెప్పు. ఆదివారం నా మేనల్లుడు ఆడికెల్తే నాను ఈ ఇంట్లో ఉండను" అంది.

వెళ్ళి చెప్దామంటే బస్సులో దుమ్ము, ఎండ తగలకూడదన్నాడు డాక్టరు. అది సాకు, నాకు తెలుసు. ఎదురుగా నిలబడి నా నోరు పలకదు. మొన్న ఫోన్లోనే పలకలేదు.

ఈశ్వరిని అడిగాను, ఒక కాగితం ఇస్తే అప్పలరాజుకి ఇస్తావా అని. "ఇత్తాను తాతా, పొద్దున్న బస్సు దిగి ఆ గేటు ముందునించే గదా ఎల్తాను" అంది. ఇంకేమీ అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

తెల్లవారుతోంది. ఈశ్వరి బస్సు ఐదున్నరకి. ఈ పేజీ చింపి ఇస్తాను.

అప్పలరాజు బావకి సూరన్న రాయునది.

కుశలం అడగను. అడిగే మొహం లేదు.

ఆ కార్తీక మాసంలో నీ వల చింపింది సొర కాదు. నేను సొరని చూడలేదు. అక్కడ పంటు మునిగి ఉంది. నెల ముందే నా లంగరుకి తుప్పు వచ్చింది. నాకు తెలుసు. తెలిసే గడ్డం అటు తిప్పాను. నువ్వు అడిగావు గనక తిప్పాను. నువ్వు అడగకపోయినా ఎలాగో ఒకలాగ తిప్పేవాణ్ణి. ఆ ఏడు నీకు చేపలు పడుతుంటే నేను చూడలేకపోయాను. వల పోవాలనుకున్నాను. నీ చెయ్యి పోవాలనుకోలేదు.

నీ తాడు చివర తెగి నా చేతికి వచ్చింది. దాని నిండా తుప్పు. నువ్వు తెప్ప మీద పడుకుని కళ్ళు మూసుకున్నప్పుడు ఆ తాడు నీళ్ళలో పారేశాను.

ఇంకొకటి. మొన్న డైరీలో కూడా ఇది తప్పు రాశాను. కేక వినగానే వచ్చానని నువ్వు అందరికీ చెప్తావు. నేను మొదటి కేకే విన్నాను. వింటూ కూర్చున్నాను. రెండో కేక కూడా విన్నాను. మూడో కేకకి తెడ్డు పట్టాను. ఆ రెండు కేకల మధ్య ఏమనుకున్నానో నాకు గుర్తులేదని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. గుర్తుంది. వాడే పైకి వస్తాడులే అనుకున్నాను.

నన్ను క్షమించమని రాయడం లేదు. అది నీ ఇష్టం. గురువమ్మకి చెప్పాను, ఆమె నాతో మాట్లాడటం లేదు.

కోటి ఆదివారం తెల్లారి అదే చోట అడుగు వల వేస్తానంటున్నాడు. మంచి చోటని నేనే చెప్పాను, మానిపిద్దామని చెప్పాను, అదీ ఎదురు తిరిగింది. ఇప్పుడు నా మాట నమ్మడు. నీ మాట నమ్ముతాడు. గుర్తులు రాస్తున్నాను, నువ్వే సరిచూసుకో. గొట్టం కొండ తోక పక్కన, లైట్‌హౌసు నెత్తిన సింహాచలం. నీ తెప్ప తిరగబడింది అక్కడేనా కాదా నీకు గుర్తుంటుంది. బోటులో కోటి కాక ముగ్గురు ఉన్నారు.

నాతో మాట్లాడక్కర్లేదు. కోటితో మాట్లాడు. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా సరే, ఆ తిట్లు వాడి ముందే తిట్టు. అప్పుడైనా నమ్ముతాడు.

సాయంత్రం ఆరింటికి ఈశ్వరి బస్సు అక్కడ ఆగుతుంది. నీ గేటు దగ్గర అయిదు నిమిషాలు నిలబడతానంది. ఈ కాగితం వెనకవైపు ఖాళీ వదిలాను. ఎడమ చేత్తో అయినా ఒక్క ముక్క రాయి, లేదా దానికంటే ముందే కోటికి ఫోన్ చెయ్యి. ఆలస్యం చెయ్యకు బావా. నేను గుమ్మంలోనే ఉంటాను.